32 విస్తళ్లు, 256 మంది: వీడియో డీకోడర్లలో మెమరీ బగ్గుల కథ

(ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్ పిల్లలకి ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాసింది, మైక్ పోయిన చోట్లు మాత్రం వదిలేశాం.)

వెనక బెంచీల వాళ్లకి వినబడుతోందా? ఆ, సరే. మొదలెట్టే ముందు ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం ఆన్ చేసి వదిలేస్తున్నా, అదేంటో కాసేపయ్యాక చెప్తా, మధ్యలో ఫ్యాన్ గోల చేస్తే ఏమీ అనుకోకండి.

ఇవాళ పొద్దున్న ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్ వీడియో ఎంతమందికొచ్చింది? చేతులెత్తండి. (నవ్వులు) అందరికీ వచ్చింది. ఓపెన్ చేసి చూసినవాళ్లు? ఇద్దరు. మిగతావాళ్లు మేం చూడలేదుగా, మాకేం సంబంధం అనుకుంటున్నారు. మీరు చూడలేదు గానీ మీ ఫోన్ చూసేసింది. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే ఫైల్ ఎప్పుడో దిగిపోయింది, గ్యాలరీలో ఆ గులాబీ పువ్వు చిన్న గడిలో కనపడాలంటే ఎవరో ఒకరు ఆ ఫైల్ తెరిచి, లోపల ఏమేం ఉన్నాయో చదివి, ఒక ఫ్రేమ్ విప్పి, బొమ్మ చేసి అక్కడ పెట్టాలి కదా, ఆ పని చేసేవాడే డీకోడర్. అంటే మీరు వేలు పెట్టకముందే ఎవరో ముక్కూమొహం తెలియనివాడు తయారుచేసిన ఫైల్‌ని మీ ఫోన్‌లో ఒక సీ ప్రోగ్రాం మొదటి బైట్ నుంచి చదివేసింది. ఇవాళ్టి కబురంతా ఆ చదవడం గురించే.

వీడియో డీకోడర్ అనగానే మనవాళ్లకి డీసీటీ, మోషన్ వెక్టర్లు, సెమిస్టర్‌లో బట్టీపట్టిన ఆ ఫార్ములాలు గుర్తొచ్చి భయమేస్తుంది. నేను చూసినంతలో ఆ గణితంలో సెక్యూరిటీ బగ్ దొరకడం తక్కువ. గణితం తప్పిందనుకోండి, బొమ్మ పాడవుతుంది, హీరో మొహం పచ్చగా గళ్లుగళ్లుగా వస్తుంది, ఎవడో ఒకడు వెంటనే చూసి తిడతాడు, సరిచేస్తాం. కొంప ముంచేది గణితం కాదండీ, లెక్క. కిరాణా కొట్టు లెక్క. ఎన్ని ఉన్నాయి, ఎంత చోటు కావాలి, ఎక్కడిదాకా రాయాలి. చిన్నపిల్లల లెక్క, పెద్దపెద్ద వాళ్లు తప్పారు అక్కడ. నేనూ తప్పాను.

నా సంగతే ముందు చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో సెట్‌టాప్ బాక్సులు చేసే ఒక కంపెనీలో ఉండేవాణ్ని, పేరెందుకులెండి. ఛానెల్‌లో ఎన్ని ఆడియో ట్రాకులున్నాయో చదివే చిన్న ఫంక్షన్ నాకిచ్చారు. హిందీ, ఇంగ్లీషు, తమిళం, తెలుగు, నాలుగు సరిపోతాయిలే అని 4 గడుల ఎరే పెట్టా. టెస్టింగ్ పాసైంది, బాక్సులు జనం ఇళ్లకి వెళ్లిపోయాయి. కొన్ని నెలల తర్వాత కంప్లయింట్లు మొదలయ్యాయి, బాక్స్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది, అదీ పిల్లలున్న ఇళ్లలోనే. మూడు వారాలు తల బద్దలుకొట్టుకున్నాం, పవర్ సప్లై అన్నాం, ఎండలు అన్నాం, పిల్లలే రిమోట్ నొక్కేస్తున్నారు అని కూడా అన్నాం. చివరికి తేలిందేంటంటే ఒక కార్టూన్ ఛానెల్ వాళ్లు కొత్తగా మలయాళం ఆడియో కలిపారు. ఐదో ట్రాక్. నా నాలుగు గడులు నిండిపోయి, ఐదోది పక్కనున్న వేరే ఎవరిదో మెమరీలో పడి, ఆ పక్కవాడి పాయింటర్, అంటే మెమరీలో ఏ చోటుకి వెళ్లాలో చూపించే గుర్తు, చెడిపోయి, బాక్స్ చచ్చి మళ్లీ లేస్తోంది. ఎవరూ ఎటాక్ చెయ్యలేదు అక్కడ, మలయాళీ పిల్లలకి మలయాళంలో కార్టూన్ చూపిద్దామనుకున్నారు అంతే. అదే పని కావాలని చేసేవాడుంటే ఎలా ఉంటుందో చూద్దాం.

2015 జులై. జింపీరియం అనే కంపెనీలో పనిచేసే జోషువా డ్రేక్ ఆండ్రాయిడ్ మీడియా లైబ్రరీలో వరసగా బగ్గులు బయటపెట్టాడు. ఆ లైబ్రరీ పేరు స్టేజ్‌ఫ్రైట్, స్టేజ్ ఎక్కితే వచ్చే వణుకు అని, అంటే నాకిప్పుడున్నదే. (నవ్వులు) 95 కోట్ల ఫోన్ల దాకా ప్రమాదంలో ఉన్నాయని వాళ్ల అంచనా. అందరూ హడలిపోయిందెందుకంటే ఫోన్ నంబర్ ఒక్కటి తెలిస్తే చాలు, ఎంఎంఎస్‌లో వీడియో పంపితే ఫోన్ దాన్ని తనంతట తనే దించుకుని చదివేసేది, నోటిఫికేషన్ మోగే లోపే పని అయిపోవచ్చు.

లోపల తప్పేంటో కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మిగతా కథలన్నీ దీనికి చుట్టాలే. ఎంపీ4 ఫైల్ అంటే పెట్టెల్లో పెట్టెలు. ప్రతి పెట్టె మొదట 4 బైట్లలో దాని సైజు, తర్వాత 4 బైట్లలో దాని పేరు ఉంటాయి, ఆపైన సరుకు. అందులో సబ్‌టైటిల్ టెక్స్ట్ కోసం టీఎక్స్3జీ అని ఒక పెట్టె ఉంది. కోడ్ ఏం చేసేదంటే, ఇంతకుముందు పోగైన టెక్స్ట్ సైజు ఒకటి, కొత్తగా వచ్చిన పెట్టె సైజు ఒకటి, రెండూ కూడి, అంత మెమరీ తీసుకుని, ముందు పాతది పోసి, దాని పక్కన కొత్తది పోసేది. వినడానికి ఏ తప్పూ లేదు కదా. ఇప్పుడు మీ నాన్నగారి పాత స్కూటర్ మీటర్ గుర్తు తెచ్చుకోండి, 99999 తర్వాత ఏమొస్తుంది? 00000. స్కూటర్ కొత్తదైపోదు, మీటర్‌కి చోటు లేక తిరిగిపోయింది అంతే. 32 బిట్ల సంఖ్య కూడా అంతే, 4294967295 దాటితే సున్నాకొస్తుంది. పాత టెక్స్ట్ 16 బైట్లు అనుకోండి, కొత్త పెట్టె సైజు 4294967290 అని ఫైల్‌లో రాసిపెట్టాడు ఒకడు. కూడితే ఎంత? 10. పది బైట్ల గిన్నె తెచ్చి అందులో ముందు 16 బైట్లు పోసేస్తుంది, ఇంకా కొత్తది పొయ్యకముందే పొంగిపోయింది. ఆ సైజు నిజమా కాదా అని అడిగినవాడు లేడు, ఫైల్ చెప్పింది, కోడ్ నమ్మింది.

దీనికి ప్యాచ్, అంటే తప్పు సరిదిద్దే కోడ్ ఇచ్చారు, నాలుగంటే నాలుగు లైన్లు. కూడిక పొంగుతుందేమో చూడటానికి గరిష్ఠ సంఖ్యలోంచి పెట్టె సైజు తీసేసి మిగిలినదాంతో పోల్చారు. పద్ధతి కరెక్టే. కానీ పెట్టె సైజు ఉన్న వేరియబుల్ 64 బిట్లది, గరిష్ఠ సంఖ్యేమో 32 బిట్ల ఫోన్‌లో 32 బిట్లది. పెద్ద సైజు రాస్తే ఆ తీసివేతే తిరగబడి బ్రహ్మాండమైన సంఖ్య వచ్చేది, చెక్ హాయిగా పాసయ్యేది. అంటే మీటర్ తిరుగుతుందేమో చూడ్డానికి పెట్టిన చెక్‌లోనే మీటర్ మళ్లీ తిరిగింది! ఎక్సోడస్ ఇంటెలిజెన్స్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు ఆ ఏడాది ఆగస్టులోనే దీన్ని పట్టుకున్నారు, బగ్గుల జాబితాలో సీవీఈ-2015-3864 అని దానికి వేరే నంబర్ ఇవ్వాల్సొచ్చింది. నేను మా జూనియర్లకి ఎప్పుడూ ఇదే చూపిస్తా, బగ్ కన్నా ప్యాచ్ ఎక్కువ నేర్పిస్తుంది. అన్నట్టు, ఆండ్రాయిడ్‌కి నెలనెలా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి కదా, ఆ అలవాటు మొదలైంది ఈ గొడవ తర్వాతే, 2015 ఆగస్టు నుంచి.

ఇది ఎంపీ4 పెట్టె సంగతి, అంటే పైన కవరు. కవరు లోపల ఉత్తరం హెచ్.264 లాంటి కోడెక్, అంటే వీడియోని కుదించి రాసే పద్ధతి. అక్కడ లెక్క ఇంకా గమ్మత్తుగా ఉంటుంది.

2022 మార్చి 31న యాపిల్ ఐఫోన్లకి 15.4.1 అప్‌డేట్ ఇచ్చింది. అందులో యాపిల్‌ఏవీడీ అనే వీడియో డీకోడర్ డ్రైవర్‌లో ఒక బగ్, సీవీఈ-2022-22675, అప్పటికే ఎవరో దాన్ని వాడి ఎటాక్ చేస్తూ ఉండొచ్చని సమాచారం వచ్చిందని కూడా రాసింది. డ్రైవర్ అంటే కెర్నెల్‌లో, ఫోన్ మొత్తాన్నీ నడిపించే మూల ప్రోగ్రాంలో, నడిచేది, అపార్ట్‌మెంట్‌లో మన ఫ్లాట్ తాళం పోవడం వేరు, వాచ్‌మన్ దగ్గరుండే తాళాల గుత్తి పోవడం వేరు, ఇది రెండోది. బగ్ ఏంటంటే, హెచ్.264 వీడియో మొదట్లో బఫర్ల వివరాలు, అంటే డేటా తాత్కాలికంగా పెట్టుకునే చోట్ల వివరాలు, చెప్పే ఒక భాగం ఉంటుంది, ఎన్ని ఉన్నాయో ఒక సంఖ్య, తర్వాత ఒక్కోదానికి బిట్ రేటు, సైజు, ఒక ఫ్లాగ్, ఇలా వరసగా. ఆ సంఖ్య 0 నుంచి 31 లోపు ఉండాలి అని ప్రమాణంలో రాసుంది. ఒకటి తగ్గించి రాస్తారు కాబట్టి 31 అంటే 32. డ్రైవర్‌లో 32 గడులు కట్టారు. వచ్చిన సంఖ్య 31 దాటిందా అని అడగడం మర్చిపోయారు, 255 దాకా వెళ్లనిచ్చేశారు.

పెళ్లి భోజనాలకి బంతిలో 32 విస్తళ్లు వేశారు, వచ్చినవాళ్లు 256 మంది. మనుషులైతే ఆగుతారు, రెండో బంతికి కూర్చుంటారు. ప్రోగ్రాం ఆగదు కదా, చెప్పిన లెక్క ప్రకారం వడ్డించుకుంటూ పోతుంది, విస్తరి లేని చోట నేల మీద అన్నం, ఇంకా ముందుకెళ్తే పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు నెత్తిన పప్పు. (నవ్వులు) నవ్వండి గానీ, ఆ పప్పు ఎన్నో గరిటె దగ్గర ఎవరి నెత్తిన పడుతుందో ముందే లెక్కేసుకుని 256 మందిని పంపినవాడే ఎటాకర్. వడ్డించే పదార్థం కూడా వాడిదే, ఆ బిట్ రేటు విలువలు ఫైల్‌లోంచే వస్తాయి.

ప్రమాణంలో 31 అని ఉంటే 255 ఎలా రాయగలిగారు అని అడగాలి మీరు, అడగలేదు, సరే నేనే చెప్తా. హెచ్.264లో ఇలాంటి సంఖ్యల్ని ఎక్స్‌పొనెన్షియల్ గోలోంబ్ పద్ధతిలో రాస్తారు, చిన్న సంఖ్యకి తక్కువ బిట్లు, పెద్దదానికి ఎక్కువ. 31 రాయాలంటే 11 బిట్లు, 255కి 17 బిట్లు. ఆ రాసే పద్ధతికి గరిష్ఠం అంటూ ఏదీ తెలియదు, 31 అనే గీత ప్రమాణం పుస్తకంలో ఒక వాక్యంగా మాత్రమే ఉంది, బిట్లలో లేదు. ఆ వాక్యం చదివినవాడు అవతలివాడు కూడా చదివే ఉంటాడు, పాటించే ఉంటాడు అనుకుని ముందుకెళ్లిపోతాడు. నా నాలుగు ఆడియో ట్రాకులూ అలాంటివే.

సరే, ఇప్పుడు ల్యాప్‌టాప్ చూద్దాం. ఇందాక మొదలెట్టింది ఫజర్. నిన్న రాత్రి కూర్చుని 40 లైన్లలో ఒక ఉత్తుత్తి డీకోడర్ రాశా, ఇదే తప్పు కావాలని పెట్టా, 32 గడులు, చెక్ లేదు. ఫజర్ ఏం చేస్తుందంటే ఒక మంచి ఫైల్ తీసుకుని బిట్లు అటూ ఇటూ తిప్పి, వేలసార్లు తినిపిస్తూ ఉంటుంది, ఎక్కడ కక్కుతుందా అని. ఆ... చూడండి, క్రాషులు వచ్చేశాయి. మెమరీ హద్దు దాటగానే పట్టేసే టూల్ ఒకటుంది, అడ్రస్ శానిటైజర్ అని, దాని రిపోర్ట్ చూపిస్తా, ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చదువుతా: హీప్ బఫర్ పొంగింది, 4 బైట్లు రాయబోయావు, 128 బైట్ల స్థలం అయిపోయాక 0 బైట్ల దూరంలో. 128 ఎక్కడిది? 32 గడులు, ఒక్కోటి 4 బైట్లు. 0 బైట్ల దూరం అంటే విస్తరి అంచు పక్కనే పడ్డ మొదటి మెతుకు. శానిటైజర్ లేకపోతే ఇక్కడ క్రాష్ కూడా కాకపోవచ్చు, నేల మీద పడ్డ అన్నం ఎవరూ చూడకుండా ఎంతో దూరం పోతుంది, నా సెట్‌టాప్ బాక్స్ నెలల తరబడి బాగానే తిరిగినట్టు.

ఇంత తేలిగ్గా దొరికితే ఐఫోన్‌లో ముందే ఎందుకు దొరకలేదు? నాది 40 లైన్లు కాబట్టి దొరికింది. అసలు వీడియోలో ఒక బిట్ తిప్పితే ఆ తర్వాత ఉన్నదంతా చెల్లాచెదురైపోతుంది, ఏది సంఖ్యో ఏది ఫ్లాగో తెలీదు, డీకోడర్ గుమ్మంలోనే నీ ఫైల్ బాలేదని గెంటేస్తుంది, లోపలి గదుల దాకా ఫజర్ వెళ్లదు. దానికి టెక్సాస్ యూనివర్సిటీ, ఆస్టిన్‌లో విల్లీ వాస్కెజ్ వాళ్లు 2023లో ఒక టూల్ చూపించారు, హెచ్26ఫోర్జ్ అని. వ్యాకరణం తప్పని, అర్థం మాత్రం తప్పిన వీడియోలు తయారుచేస్తుంది. "మా గోడ నిన్న రేపటి ఇడ్లీ పాడింది" అంటే కర్త, కర్మ, క్రియ అన్నీ ఉన్నాయి, తెలుగు మాస్టారు మార్కులు కొయ్యలేరు, కానీ అర్థం చేసుకోబోయినవాడి బుర్ర తిరుగుతుంది. అలాంటి వీడియోలు తినిపిస్తే యాపిల్ కెర్నెల్ డ్రైవర్లలో కొత్త బగ్గులు, ఫైర్‌ఫాక్స్‌లో ఒకటి, ఇంకా కొన్ని బయటపడ్డాయి. నాకు చాలా ఇష్టమైన పేపర్ అది, చదవండి.

ఇప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్, రకరకాల వీడియోలు, ఆడియోలు విప్పే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. 2000లో ఫాబ్రిస్ బెల్లార్ మొదలెట్టింది, ఇవాళ క్రోమ్‌లో ఉంది, వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో ఉంది, మీరు వీడియో చూసే దాదాపు ప్రతి చోటా ఎక్కడో ఒక మూల ఉంటుంది. గూగుల్‌లో పనిచేసే ఇద్దరు, మాటెయుష్ యుర్చిక్, గిన్వేల్ కోల్డ్‌విండ్, రెండేళ్లు దీన్ని ఫజ్ చేశారు, 2014 జనవరిలో లెక్క చెప్పారు, వెయ్యికి పైగా సవరణలు. వెయ్యి! ఆ వెయ్యి సరిచేసింది ఎవరు? ఎక్కువ భాగం వాలంటీర్లు.

అందుకే 2025 చివర్లో గొడవైంది. గూగుల్ వాళ్ల ఏఐ టూల్ బిగ్ స్లీప్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఒక బగ్ పట్టింది, ఎందులో అంటే లూకాస్ ఆర్ట్స్ వాళ్ల స్మష్ అనే కోడెక్‌లో, 1995లో వచ్చిన ఒక స్టార్ వార్స్ గేమ్‌లో వీడియో ముక్కల కోసం వాడింది. వాలంటీర్లకి ఒళ్లు మండింది. లక్షల కోట్ల కంపెనీ, మెషీన్ పెట్టి బగ్గులు తవ్వి, గడువు పెట్టి మా నెత్తిన పడేస్తుంది, ప్యాచ్ పంపదు, డబ్బివ్వదు, 30 ఏళ్ల కిందటి గేమ్ కోడెక్ ఎవడు వాడతాడు అని. మొదటి సగం వరకు నేను వాళ్ల పక్షమే. ఇంటి పునాదిలో పగులు చూపించి, గడువులోగా నువ్వే పూడ్చుకో అని వెళ్లిపోయే అద్దెదారుణ్ణి ఏమనాలి?

కానీ "ఎవడు వాడతాడు" అన్న ముక్క దగ్గర మాత్రం ఒప్పుకోను. ఎటాకర్ వాడతాడు! ఏ డీకోడర్ నడవాలో నిర్ణయించేది మీరు కాదు, ఫైల్. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని మామూలుగా బిల్డ్ చేస్తే వందల డీకోడర్లు లోపల కూర్చుని ఉంటాయి, ఫైల్ మొదటి బైట్లలో నేను ఫలానా అని ఉంటే ఆ ముసలి డీకోడర్ లేచి వచ్చి పనిచేస్తుంది. 2021లో సౌదీ ఉద్యమకారుడి ఐఫోన్‌లో సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ వాళ్లకి దొరికిన ఎటాక్, ఎన్‌ఎస్‌వో అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ కంపెనీది, అదే కదా, గిఫ్ అని పేరు పెట్టుకుని వచ్చిన పీడీఎఫ్, దాని లోపల జేబిగ్2, ఎప్పుడో ఫ్యాక్స్ మెషీన్లు, స్కానర్ల కాలంనాటి బొమ్మల ఫార్మాట్. అది వీడియో కాదు, బొమ్మలే, కానీ వరస అదే, తప్పూ అదే, లెక్క పొంగింది. గూగుల్‌లో బగ్గులు వెతికే టీం ప్రాజెక్ట్ జీరో వాళ్లు విప్పి చూస్తే ఆ బొమ్మ ఫార్మాట్ ఆదేశాలు 70 వేలకి పైగా పేర్చి, వాటితోనే ఒక చిన్న కంప్యూటర్ కట్టేశారు లోపల. ఆ రిపోర్ట్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, భయంతో కాదు, అసూయతో.

కాబట్టి మీ ప్రాజెక్టుల్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ పెడితే, అన్నీ ఆపేసి కావాల్సిన రెండో మూడో ఆన్ చేసుకునే ఆప్షన్ కాన్ఫిగర్‌లోనే ఉంది, వాడండి. ఆపైన దాన్ని వేరే ప్రాసెస్‌లో, ఏ హక్కులూ లేకుండా నడపండి. క్రోమ్ వాళ్లకి ఒక నియమం ఉంది, నమ్మలేని ఇన్‌పుట్, సీ లాంటి భాష, శాండ్‌బాక్స్, అంటే హక్కులు లేని విడి గది, లేకపోవడం, ఈ మూడూ ఒకే చోట కలవకూడదు, ఎక్కువలో ఎక్కువ రెండు. ఆండ్రాయిడ్ వాళ్లు కూడా 2016లో 7.0 వచ్చినప్పుడు ఒకే పెద్ద మీడియా సర్వర్‌ని ముక్కలు చేసి వేర్వేరు గదుల్లో పెట్టారు. బగ్ ఉంటుంది, ఉన్నా ఆ గదిలోనే చస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, నువ్వమ్మా. సీ మానేసి, మెమరీ హద్దులు తనే కాపాడే రస్ట్ భాషలో రాస్తే పోదా అంటోంది. బాగా అడిగావ్. వేగం సంగతి చూడు, 1920 బై 1080, సెకనుకి 60 ఫ్రేములు, అంటే సెకనుకి 12 కోట్ల 44 లక్షల పిక్సెళ్లు. అందుకే ఏవీ1 అనే కోడెక్‌కి ఉన్న డీకోడర్ డేవిడ్‌లో సీ కన్నా అసెంబ్లీయే, అంటే నేరుగా ప్రాసెసర్ ఆదేశాల్లో రాసిన కోడే, చాలా ఎక్కువ. దాన్ని రస్ట్‌లోకి మార్చారు, రేవిడ్ అని, అసెంబ్లీ ముక్కలు అలాగే ఉంచి సీ భాగం మార్చారు. సుమారు 5 శాతం నెమ్మది, ఆ 5 శాతం తగ్గించినవాళ్లకి 20 వేల డాలర్లు ఇస్తామని 2025లో పోటీ కూడా పెట్టారు. నా మట్టుకు నేను 5 శాతం వదిలేసుకుంటా. ఎందుకంటే డేవిడ్ రాసినవాళ్లు ఈ విద్యలో ఆరితేరినవాళ్లు, అయినా 2024లో పెద్ద ఫ్రేమ్ సైజు దగ్గర లెక్క పొంగింది, సీవీఈ-2024-1580. ఫ్రేమ్ సైజు ఎంత ప్రమాదమో చిన్న ఉదాహరణ, ఇది ఆ బగ్ కాదు, నేను చెప్తున్న లెక్క: ఏవీ1లో వెడల్పు 65536, ఎత్తు 65536 అని రాయొచ్చు. 32 బిట్లలో గుణించు. ఎంత? సున్నా. సున్నా బైట్ల మెమరీలో బొమ్మ గీస్తావన్నమాట.

వెనక బాబు, వీఎల్‌సీ తీసేయాలా అని. వద్దు. 2019 జులైలో పేపర్లన్నీ వీఎల్‌సీ వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి అని గోలపెట్టాయి, తీరా చూస్తే తప్పు లిబ్‌ఈబీఎంఎల్ అనే వేరే లైబ్రరీలో, అది కూడా 16 నెలల ముందే సరిచేసేశారు, రిపోర్ట్ చేసినాయన సిస్టంలో పాత వెర్షన్ ఉంది అంతే. అప్‌డేట్ చేసుకో, చాలు.

ఇంకెవరైనా? ఆ, చెప్పమ్మా... వాళ్ల అమ్మగారి ఫోన్ పాతదంట, అప్‌డేట్లు రావడం మూడేళ్ల కిందటే ఆగిపోయాయంట, కొత్తది కొనే పరిస్థితి లేదు, ఏం చెయ్యాలి అని. చూడు తల్లీ, ఇది మామూలుగా అందరికీ ఉన్న పరిస్థితే, మా ఇంట్లోనూ ఉంది. 2019 నవంబర్‌లో వాట్సాప్‌లోనే ఎంపీ4 ఫైల్ చదివే చోట స్టాక్ పొంగే బగ్ వచ్చింది, అది యాప్ అప్‌డేట్‌తో పోయింది, కాబట్టి ఫోన్‌కి అప్‌డేట్లు రాకపోయినా యాప్‌లకి వస్తున్నంతకాలం అవి మాత్రం ఆపకు. రెండోది, వాట్సాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, స్టోరేజ్ అండ్ డేటా, అందులో మీడియా ఆటో డౌన్‌లోడ్, మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింట్లోనూ వీడియోలకి టిక్ తీసెయ్. రేపటి నుంచి గుడ్ మార్నింగులు వాటంతటవి ఎందుకు దిగట్లేదని అమ్మ అడిగితే మాత్రం నా పేరు చెప్పకు.